ఇరవై రెట్ల అద్దంలో మిరప కల్లం

దర్శి దాటి పొదిలి వైపు కొంత దూరం వచ్చాక మా ట్రక్కు తారురోడ్డు దిగి చేల మధ్య బండిబాటలోకి తిరిగింది. మార్చి మొదలు. సాయంత్రం అయిదు. పడమటి ఎండ సూటిగా మొహాన కొడుతోంది. ఒక పక్క పత్తి చేలు. ఆఖరి తీత కూడా అయిపోయి నిలువెత్తు కట్టె ఎండి నిలబడి ఉంది. ఇంకో పక్క మిరప. గాలి నిండా ఘాటు. ట్రక్కులో ఉన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్మారు. నేనూ, నా ఎదుట కూర్చున్న షూటరూ తుమ్మలేదు. ఆ పటాలం మొత్తంలో ఈ నేలవాళ్లం మేమిద్దరమే.

దూకగానే నా బూటు మడమ నెర్రెలో దిగబడింది. నల్లరేగడి. నడివేసవి రాకముందే చెయ్యి పట్టేంత పగుళ్లు తీసింది. చెట్టు లేదు. గుడారాలు, నీళ్ల ట్యాంకరు, ఒక జెండా కర్ర. కనుచూపు మేర బీడు. బీడు చివర మట్టికట్ట. దాని ముందు కందకం. కందకంలోంచి టార్గెట్లు పైకీ కిందికీ లాగుతారు. దాన్ని మేం బట్స్ అంటాం.

"ఏం హవల్దార్, మీ దేశానికి వచ్చేశావు. ఇక మమ్మల్ని లెక్కచేయవేమో" అన్నాడు సుబేదారు. ఆయనది ఉత్తరాది కొండప్రాంతం. హిందీలో అన్నాడు. ఆయన మాటలూ, పైఅధికారుల మాటలూ నేను తెలుగులో రాస్తున్నాను.

మా పల్లె అక్కడికి రెండు బస్సుల దూరం. అంతే. సెలవు అడిగాను. ట్రయల్ పూర్తయ్యేదాకా ఎవరికీ సెలవు లేదన్నారు. మంచుకొండల మీద కాపలా కాసినప్పుడు ఇల్లు చాలా దూరం, కాబట్టి మనసుకి చెప్పుకోవచ్చు. ఇక్కడ ఏం చెప్పుకోను? ఆదివారం పొద్దున తూర్పుగాలి తిరిగితే ఏదో పల్లె చర్చి మైకులోంచి పాట వచ్చేది. మా పల్లె పాటే. మా రాగమే. గాలి మళ్లగానే తెగిపోయేది. ఎనభైల మధ్యలో, మన దేశపు యూనిఫాం వేసుకుని, సొంత జిల్లాలో నిలబడి, పరాయివాడిలా ఆ పాట కోసం చెవి రిక్కించుకుని ఉన్నాను.

నాకిచ్చిన పని ఇదీ. మా దళం దూరపు గురికాల్పుల పోటీకి తయారవుతోంది. రైఫిలు ఉంది. కాల్చేవాడు ఉన్నాడు. తూటా ఎక్కడ తగిలిందో చూసి చెప్పే పరికరం పాతబడింది. కొత్తది కొనాలి. మూడు స్పాటింగ్ స్కోపులు, రెండు ట్రైపాడ్లు చెక్కపెట్టెల్లో పంపారు. అన్నీ వాడి చూసి ఏది మంచిదో చెప్పాలి. నా మాటని బట్టి కెప్టెను పైకి రాస్తాడు. రాశాక పది దళాలకి అదే వస్తుంది. అంటే నా తర్వాత ఎవడెవడో, ఎక్కడెక్కడో, నేను ఎంచిన అద్దంలోంచే లోకాన్ని చూడాలి. ఆ పని చిన్నదని మీరు అనుకుంటే ఇక్కడితో చదవడం ఆపండి.

నేను బడిలో ఎనిమిది దాకా చదివాను. కటకాల గురించి నాకెవరూ పాఠం చెప్పలేదు. పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. అర్థం కానిచోట అద్దాన్నే అడిగాను. అద్దం అబద్ధం చెప్పదు. మనుషులే దానికి చెప్పిస్తారు.

ఇప్పటికీ రైఫిల్ క్లబ్బుల పెద్దమనుషులు మా ఇంటికి వచ్చి మొదట అడిగేది ఒక్కటే. "ఎన్ని రెట్లది కొనమంటారండీ?" మండుకొస్తుంది నాకు. బియ్యం కొనేటప్పుడు మూట ఎంత ఎత్తు ఉందని అడుగుతారా? సరే, చెబుతాను. అప్పుడు కెప్టెనుకి చెప్పిందే చెబుతాను.

మూడింట్లో ఒకటి పాత కాలపు ఇత్తడి గొట్టం. మడత లాగితే పొడవవుతుంది. లోపల బూజు పట్టింది. దాన్ని మొదటిరోజే పక్కన పెట్టాను. రెండోది పెద్దది. బొంగంత లావు. ఇరవై రెట్ల నుంచి అరవై రెట్ల దాకా తిప్పుకోవచ్చు. కన్ను పెట్టే చోటు గొట్టానికి తిన్నగా ఉంటుంది. మూడోది పొట్టిది. ఇరవై రెట్లే, తిప్పడానికేమీ లేదు. కన్ను పెట్టే చోటు ఏటవాలుగా పైకి వంగి ఉంటుంది. చూడ్డానికి మెడ విరిగినట్టు ఉందని సుబేదారు నవ్వాడు.

మొదటిరోజు పొద్దున ఏడింటికి పెద్దది బిగించి చూశాను. ఒప్పుకోవాలి. అయిదువందల మీటర్ల అవతల కాగితం మీద తూటా బెజ్జం అంచు చిరుగు కూడా కనిపించింది. ఇంకేం, ఇదే, అనుకున్నాను. పదింటికి మళ్లీ చూశాను. కాగితం ఉడుకుతోంది. ఎసట్లో బియ్యంలా కుతకుత. ఎండమావి. వేడెక్కిన నేల మీంచి లేచే గాలి అది. అరవై రెట్లు పెంచితే టార్గెట్టుతో పాటు ఆ గాలి వణుకూ అరవై రెట్లు పెరుగుతుంది. ఇరవై రెట్లదాంట్లో బెజ్జం చిన్నగానే ఉంది. కానీ ఉంది.

షూటరుది చీరాల దగ్గర వాడరేవు. చేపల వేటకి వెళ్లే కుటుంబం. వాడు ఇరవైలో ఒకసారి కన్ను పెట్టి చాలాసేపు లేవలేదు.

"ఒరేయ్, ఇది అలే రా" అన్నాడు.

"ఏది?"

"ఈ వణుకు. చూడు, ఎడమ నించి కుడికి పోతంది. నీటివాలు ఇట్టాగే ఉంటది. ఇది ఎటు పోతే గాలి అటు."

నిజమే. టార్గెట్టు మీద అద్దం కుదిర్చి, ఆ కుదిర్చే మరని వెనక్కి వెంట్రుకవాసి తిప్పితే, సగం దూరంలో గాలి పారడం కనిపిస్తుంది. ఏరులా పారితే పక్కగాలి. నిలువుగా ఉడికితే గాలి లేదు, లేదా తిన్నగా వస్తోంది. దీన్ని చదవడం వస్తే సగం గురి వచ్చినట్టే. అరవై రెట్లలో అది చదవలేం. అంతా వరదే.

మెడ విరిగినదాని సంగతి రెండో వారానికి తెలిసింది. షూటరు బోర్లా పడుకుని కాలుస్తాడు. పక్కన నేనూ బోర్లా పడుకునే చూడాలి. తిన్నగా ఉన్న గొట్టంలోకి చూడాలంటే తల పైకెత్తి ఉంచాలి. గంటలో మెడనరం పట్టేస్తుంది. మెడ పట్టినవాడి కన్ను నీరు కారుతుంది. కన్ను నీరు కారినవాడు తగిలినచోటు ఒకటి చెబితే ఇంకోటి అవుతుంది. ఏటవాలుదైతే పడుకున్నవాడి కంటికి అదే ఎదురొస్తుంది. కొంచెం పక్కకి తిప్పి పెడితే షూటరు కూడా భుజం కదపకుండా తొంగిచూడొచ్చు. ఇంకో మాట. రెండో కన్ను గట్టిగా మూయకండి. మూసిన కన్ను తెరిచిన కన్నుని లాగుతుంది. టోపీ అంచు దాని మీదికి దించి రెండూ తెరిచే ఉంచండి.

ట్రైపాడ్ల గొడవ వేరు. ఒకటి ఎత్తయినది, సన్నకాళ్లది. నిలబడి చూడ్డానికి దర్జాగా ఉంటుంది. మధ్యాహ్నం గాలి లేస్తే వీణ తీగెలా కంపించేది. రెండోది మోకాలి ఎత్తు కూడా లేదు. కాళ్ల చివర ఇనుప మేకులు. కానీ మన నల్లరేగడిలో మేకు గుచ్చితే గడ్డ మొత్తం కదులుతుంది. నెర్రెకి అటొక గడ్డ ఇటొక గడ్డ. ఎండ ఎక్కేకొద్దీ నేల మెల్లగా విచ్చుకుంటుంది. పొద్దున నిలబెట్టిన అద్దం పన్నెండింటికి పక్క టార్గెట్టు చూపిస్తుంది. సుబేదారు ట్రైపాడ్నే తిట్టాడు. నేను మార్కాపురం వైపు నుంచి వచ్చే పలకరాళ్ల ముక్కలు మూడు సంపాదించాను. వాటి మీద తడిపిన గోనె ముక్క, దాని మీద మేకు. అప్పుడు నిలబడింది. నడుమ కొక్కేనికి నీళ్ల డబ్బా వేలాడదీశాను. అది ఊగితే అద్దమూ ఊగుతుంది. అందుకని డబ్బా అడుగు నేలని ఒరిసేట్టు తాడు వదిలాను. ఇదీ అసలు కిటుకు. ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక కల్లం సంగతి.

మా కాల్పుల బీడు, అంటే రేంజికి ఎడమ పక్కన, ప్రమాద గీతకి అవతల, కాస్త మెరక మీద ఒక మిరప కల్లం ఉంది. ఎర్రటి దుప్పటి పరిచినట్టు కాయ. పక్కన తాటాకు పాక. ఒక ముసలామె. రోజూ అద్దం కుదుర్చుకోవడానికి ముందు ఆ ఎరుపు మీదికి తిప్పేవాణ్ని. మసకలోంచి ఒక్కో కాయ విడిపోయి కనిపిస్తే అద్దం కుదిరినట్టు. తర్వాత ఆమె పొయ్యి పొగ చూసేవాణ్ని. మేం పాతిన గాలిజెండాల కంటే ఆ పొగే నిజం చెప్పేది.

"ముసలమ్మ ఏమంటంది?" అనేవాడు షూటరు, రైఫిలు బుగ్గకి ఆనించి.

"కుడికి. మెల్లగా."

"గట్టిగా వండమనరా, పొగ చాలడంలా."

అలా ఆమె మా దళంలో మనిషి అయిపోయింది. ఆమెకి తెలీదు.

ఆమె పొద్దున్నే ముక్కుకి గుడ్డ కట్టుకుని కల్లంలోకి దిగేది. కాళ్లతో కాయని చాళ్లుగా తోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేది. కింది కాయ పైకి, పై కాయ కిందికి. తర్వాత కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరేది. పొద్దుగూకేముందు కాయంతా కుప్ప చేసి పట్టా కప్పేది. యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టా. నాలుగు కొసలా రాళ్లు. ఇంటివాళ్లు కూలికి పోయేవాళ్లేమో, పగలు ఎవరూ ఉండేవారు కారు. ఆమె మాట్లాడుకునేది. కాయతోనో, కాకితోనో. పెదవులు కదలడం స్పష్టంగా కనిపించేది. మాట రాదు. నేను అద్దం దగ్గర పడుకుని జవాబు చెప్పేవాణ్ని. "అవును పెద్దమ్మా, ఎండ బాగా కాస్తోంది" అని. క్యాంపులో అంతా హిందీ. షూటరు కాల్చేటప్పుడు తప్ప పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కొన్ని రోజులు నేను తెలుగులో మాట్లాడింది ఆమె ఒక్కదానితోనే. కిలోమీటరు అవతల నుంచి.

ఆఖరి ట్రయల్‌కి ముందురోజు మధ్యాహ్నం కెప్టెను జీపులో దిగాడు. ఇస్త్రీ మడత నలగలేదు. పెద్ద గొట్టం దగ్గరికే వెళ్లాడు.

"అరవై రెట్లా? బాగుంది. వెయ్యి మీటర్లకి పెట్టండి. ఇక్కడిది పిల్లలాట."

వెయ్యి మీటర్లంటే రాత్రికి రాత్రే తవ్వాల్సిన కొత్త కందకం, కొత్త కట్ట. కుడి పక్క రోడ్డు అడ్డం. కాబట్టి గురి గీత ఎడమకి జరిపారు. గీత పట్టుకుని చూస్తే చివరి టార్గెట్టు పక్కనే, దాని వెనక, ముసలామె కల్లం. తూటా దారిలో.

ఆ సాయంత్రం ఊళ్లో దండోరా వేయించారు. రేపు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆ వైపు పొలాల్లోకి ఎవరూ వెళ్లకూడదని. నేను సుబేదారు దగ్గరికి వెళ్లాను.

"సాబ్, ఊళ్లో దండోరా వేస్తే ఎవరికి వినపడుతుంది? కాయ కల్లంలో ఉంటే మనుషులూ కల్లంలోనే ఉంటారు. వంట అక్కడే, పడక అక్కడే. ఇళ్లకి తాళాలు ఉన్నాయి. కల్లాల దగ్గర చెప్పించండి. ఇవాళ చెబితే రేపు కాయ పరవరు. కుప్ప మీద పట్టా తీయరు."

"ఆర్డరులో ఊరు అని ఉంది. ఊళ్లో వేశారు."

"సాబ్, నేను వెళ్లి చెప్పొస్తా."

"నీకు అద్దం పని ఇచ్చారు. అద్దం చూసుకో."

కుక్కలు విన్నాయి ఆ దండోరా. ఇప్పటికీ నాకు కోపం ఆ కెప్టెను మీద కంటే ఆ కాగితం మీద. ఇక్కడి మనుషులు ఏ నెలలో ఎక్కడ పడుకుంటారో తెలియనివాళ్లు రాసిన కాగితం.

మర్నాడు పొద్దున అద్దం కుదుర్చుకుంటుంటే మా సెంట్రీ ఎర్రగుడ్డ కర్రతో కల్లం దగ్గరికి పోవడం కనిపించింది. అప్పటికే ఆమె కాయ పరిచేసింది. వాడు కర్ర ఊపాడు. ఆమె కాయ చూపించింది. వాడు మళ్లీ ఊపాడు. ఆమె రెండు చేతులూ చాపి ఏదో అంది. వాడికి తెలుగు రాదు. కాసేపటికి ఆమె పట్టా మడిచి నెత్తిన పెట్టుకుని, నీళ్ల ముంత పట్టుకుని, వెనక్కి చూసుకుంటూ మెరక దిగిపోయింది. కల్లం ఎర్రగా, ఒంటరిగా ఆకాశం కింద పరుచుకుని ఉంది.

కర్ర మీద ఎర్రజెండా ఎక్కింది, కాల్పులు మొదలయ్యాయి. కెప్టెను పెద్దగొట్టం దగ్గర, ఎత్తయిన ట్రైపాడ్ మీద, నిలబడి. నేను ఇరవై దగ్గర, నేల మీద. పదకొండు దాటాక ఆయన గొణగడం మొదలెట్టాడు. "కాగితం కనపడటం లేదు. అద్దం తుడవండి." తుడిచారు. ఎండమావిని గుడ్డతో తుడవగలమా? బెజ్జాలు నేనే చెబుతూ వచ్చాను. షూటరు నా మాట మీద కాల్చాడు. నల్లవలయం దాటి ఒక్కటీ పోలేదు. ఇంకేం, మన అద్దం గెలిచినట్టే అని నా లోపల ఒక చిన్న సంబరం.

రెండున్నరకి పడమటి కొండల మీంచి మబ్బు పట్టింది. ఎండ ఆరిపోయింది. ఎండ ఆరితే ఎండమావీ ఆరుతుంది. ఒక్కసారిగా అద్దం కడిగినట్టయింది.

"అదీ!" అన్నాడు కెప్టెను, పెద్దగొట్టంలో. "ఇప్పుడు చూడండి అరవై రెట్ల తమాషా. బెజ్జం పక్కన ఈగ వాలింది. ఈగ కూడా కనిపిస్తోంది!"

అబద్ధం కాదు. ఈగ కనిపించే ఉంటుంది.

నాకు కనిపించింది వేరు. ఇరవై రెట్లలో టార్గెట్లన్నీ పడతాయి. వాటి వెనక పత్తికట్టె, ఎడమ అంచున కల్లం మూల. గాలి లేచింది. పత్తికట్టె అంతా ఒకే వైపు వంగుతోంది. ఒక్కచోట మాత్రం ఎదురు కదులుతోంది. ఆ కదలిక కల్లం వైపు వస్తోంది. కట్టెలోంచి తెల్లటి మూట ఒకటి తేలింది. యూరియా సంచుల పట్టా. దాని కింద ఆమె.

వాన రాబోతోంది. కాయ పరిచి ఉంది. ఒక్క జల్లు పడితే ఏడాది పంట తాలు. ఆ వేళ ఈ నేలలో ఎవరైనా చేసే పనే ఆమె చేసింది. సెంట్రీలు బాట మీద ఉన్నారు. ఆమె పత్తికట్టెలోంచి వచ్చింది.

షూటరు ఊపిరి బిగబట్టాడు. వేలు మీటకి చేరింది.

"సీజ్ ఫైర్! సీజ్ ఫైర్!" అని అరిచాను.

ఆ అరుపు రేంజి మీద ఎవరైనా అరవొచ్చు. విన్నవాడు ఎవడైనా ఆపాల్సిందే. షూటరు వేలు తీసి బోల్టు లాగాడు.

"ఏందిరా నీ గోల! కుదిరిన గురి పోయింది!"

"ముసలమ్మ."

"ఏ ముసలమ్మ?"

"మన ముసలమ్మ రా."

వాడు రైఫిలు కింద పెట్టాడు.

"ఎవరు ఆపమన్నది?" కెప్టెను గొట్టంలోంచి తల ఎత్తలేదు. "నాకేమీ కనపడటం లేదే."

"సార్, మీ దాంట్లో ఒక్క టార్గెట్టే పడుతుంది. ఎడమకి తిప్పండి."

తిప్పాడు. అరవై రెట్లలో వేలెడు తిప్పితే ఊరు దాటిపోతుంది. ఆకాశం కనిపించింది, మట్టి కనిపించింది, ఆమె కనిపించలేదు. చివరికి వంగి నా దాంట్లో కన్ను పెట్టాడు. న్యాయంగా చెబుతాను, ఆయన మొహం పాలిపోయింది. ఒక్క క్షణం. తర్వాత నిటారుగా నిలబడ్డాడు.

"ఆమెని ఎవరు రానిచ్చారు?"

రేడియో పలికింది.

"ఫైరింగ్ పాయింట్, ఇక్కడ బట్స్. ఎందుకు ఆపారు? ఓవర్."

"బట్స్," అన్నాడు కెప్టెను, "మీ వెనక మెరక మీద ఒక సివిలియన్. కందకంలోనే ఉండండి. బయటికి రావద్దు. ఇంకా పది తూటాలు మిగిలున్నాయి. వాన వచ్చి వెలిశాక పూర్తి చేద్దాం. ఓవర్."

అప్పుడు చినుకు పడింది. పావలా బిళ్లంత చినుకు.

"సాబ్" అన్నాను సుబేదారుతో. "ఇద్దరం పరిగెత్తి వెళ్తాం. పట్టా కప్పి వచ్చేస్తాం."

"ఎర్రజెండా దిగేదాకా కాల్పుల గీత దాటడానికి లేదు. తెలుసు కదా నీకు."

"మరి దించమనండి సాబ్."

ఆయన కెప్టెను వైపు చూశాడు. కెప్టెను ఆకాశం వైపు చూస్తున్నాడు. పది తూటాలు. జెండా దిగలేదు.

నియమం మంచిదే. నేనూ ఎంతోమంది చేత పాటింపజేశాను. జెండా ఎగురుతుండగా గీత దాటినవాణ్ని నేనే చెంపదెబ్బ కొట్టి వెనక్కి లాగాను ఒకసారి. తూటాలు ఆపే అరుపు ఒకటి పెట్టారు, ఎవరైనా అరవొచ్చు. జెండా దించమనే అరుపు మాత్రం ఒక్కడిదే. అదే నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

చేసేదేమీ లేక మళ్లీ అద్దంలో కన్ను పెట్టాను. వానలో అద్దం మీద నా టోపీ పట్టుకున్నాను. ఆమె చేతులతో, కాళ్లతో కాయని మధ్యకి తోస్తోంది. సగం కూడా చేరలేదు. పట్టా విప్పింది. గాలి దాన్ని తెరచాపలా ఎగరేసింది. ఒక కొస మీద రాయి పెట్టింది. రెండో కొస మీద ఇంకో రాయి. మూడో కొస మీద తనే కూర్చుంది. నాలుగో కొస గాలిలో లేచి కొట్టుకుంటోంది. దాని కోసం చెయ్యి చాపితే కింద ఉన్న కొస జారుతోంది. మళ్లీ కూర్చుంటుంది. మళ్లీ చాపుతుంది. నీళ్లు కల్లంలోంచి ఎర్రగా పల్లానికి దిగుతున్నాయి.

షూటరు పక్కన పడుకుని "ఏం చేస్తంది?" అని ఒకసారి అడిగాడు. చూడమని జరిగాను. కాసేపు చూశాడు. వెనక్కి జరిగాడు.

వాన వెలిసింది. వెలుతురు చాలదని కెప్టెను తేల్చాడు. జెండా దిగింది. నేను ఆ నల్లమట్టిలో పరిగెత్తాను. బూట్లకి మణుగు బురద. షూటరు నా వెనక.

ఆమె కల్లం మధ్యలో గొంతుక్కూర్చుని తడికాయ రాశులుగా లాగుతోంది. దగ్గరగా చూస్తే నేను అనుకున్నంత ముసలిది కాదు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా మండి ఉన్నాయి.

"ఏందయ్యా, ఇప్పుడా రాటం?" అంది, తల ఎత్తకుండా. "ఇంకేం మిగిలిందని? ఇంకా యాడికి పొమ్మంటారు నన్ను?"

"పొమ్మనడానికి రాలేదు పెద్దమ్మా."

తెలుగు విని తల ఎత్తింది. నా యూనిఫాం చూసింది, నా మొహం చూసింది.

"మనోడివేనా? యాడ మీది?"

చెప్పాను. మా పల్లె పేరు విని తలూపింది. అక్కడికి కోతకి వచ్చిందట ఒకప్పుడు.

"మరి మనోడివై ఉండి ముందుగాల ఒక్క మాట చెప్పకూడదా నాయనా? పరిచేదాన్నే కాదుగా."

"చెబుతానన్నా. పోనివ్వలేదు."

ఇద్దరం కూర్చుని కాయ ఎత్తడం మొదలెట్టాం. షూటరు మంచికాయ వేరు చేస్తూ తప్పుచేస్తుంటే "అది కాదబ్బాయ్, చేపలనుకున్నావా ఏంది, మెత్తబడింది పక్కన పెట్టు" అని వాణ్ని కసిరింది. ఎలా తెలిసిందో వాడు రేవువాడని. అంత బాధలోనూ నవ్వొచ్చింది మాకు. ఆమెకి రాలేదు.

ఏదో ఒకటి అనాలని నేను అన్నాను. "నువ్వు పట్టాతో అవస్థపడటం మొత్తం చూశాను పెద్దమ్మా. అక్కడి నుంచి. రోజూ చూస్తానే ఉంటాను నిన్ను. మా దగ్గర అద్దం ఉంది."

ఆమె చేతులు ఆగాయి. మట్టికట్ట మీదుగా, బీడు మీదుగా, మా గుడారాల వైపు చూసింది. అక్కడి నుంచి గుడారాలు గోరంత.

"అంత దూరం నించి చూస్తా ఉన్నావా?"

"ఆఁ."

"చూసి?"

నేను తల వంచి ఇంకో దోసెడు కాయ ఎత్తాను. ఆమె అడిగింది కోపంతో కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అదీ ఇబ్బంది.

మూడు రోజుల తర్వాత క్యాంపు ఎత్తేశారు. కెప్టెను ఏం రాశాడని సుబేదారుని అడిగాను.

"పెద్దదే."

"సాబ్, ఆ రోజు మీరూ చూశారు కదా."

"చూశాను. ఆయన అన్నది విను. స్కోపు టార్గెట్టు చూడ్డానికి, ఆడవాళ్లని చూడ్డానికి కాదట. పైగా ఇరవై కంటే అరవై తక్కువని పైవాళ్లకి ఎలా రాస్తాం, నవ్వుతారు, అన్నాడు."

"ట్రైపాడ్?"

"ఎత్తుదే. పెద్దవాళ్లు వచ్చినప్పుడు నిలబడి చూస్తారు కదా."

ఇరవై రెట్లదాన్ని నేనే తుడిచి, గుడ్డ చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి మేకు కొట్టాను. ట్రక్కు బండిబాట దాటి రోడ్డెక్కేదాకా షూటరు వెనక తలుపు పట్టుకుని కల్లం వైపే చూస్తూ నిలబడ్డాడు. కల్లంలో ఎవరూ లేరు. తాలుకాయ మాత్రం తెల్లగా ఒక పక్కన ఉంది.

"రేవులో పడవ తిరగబడితే ఒడ్డున నిలబడి చూసేవాళ్లని మా అమ్మ తిట్టేది" అన్నాడు. "దుమ్మెత్తి పోసేది. ఆ తిట్లన్నీ మనకే రా."

తర్వాత వాడు వేరే చోటికి, నేను వేరే చోటికి. ఆ పెద్దగొట్టాలు దళాలకి వచ్చాయి. పన్నెండింటికి ఏమీ కనపడటం లేదని అందరూ గొణిగారు. అద్దాలు తుడిచారు.

నేను పల్లెకి తిరిగొచ్చి చాలాకాలమైంది. ఇక్కడా మిరపే. కల్లాల నెలలో మబ్బు పడితే నేను ఇంట్లో ఉండను. ఎవరి కల్లమైనా సరే, పిలవకపోయినా సరే, వెళ్లి పట్టా కొస పట్టుకుని నిలబడతాను. "వచ్చాడురా మన సిపాయి, చినుకు కంటే ముందొస్తాడు" అని నవ్వుతారు. నవ్వుకోనీ. రైఫిల్ క్లబ్బువాళ్లు వస్తే ఇప్పటికీ చెబుతాను. తక్కువ రెట్లది తీసుకోండి. వెడల్పుగా చూపేది తీసుకోండి. పొట్టి ట్రైపాడ్ తీసుకోండి. తలూపి వెళ్లిపోయి పెద్దది కొంటారు.

ఒక్కటి వాళ్లకి చెప్పలేదు. ఆ పావుగంటలో, వానలో, నాలుగో కొస ఒకసారి నా వైపు లేచింది. ఇరవై రెట్లలో అది ఎంత దగ్గరంటే, కుట్టు దారం కనిపించింది, దాని చివర వేలాడే నీటిబొట్టు కనిపించింది, దాని కోసం చాచిన ఆమె అయిదు వేళ్లూ కనిపించాయి. నా కుడిచెయ్యి దానంతట అదే ముందుకి పోయింది, కొస అందుకోవడానికి.

వేళ్లకి చల్లటి గొట్టం తగిలింది. అద్దం అదిరింది. కుదుర్చుకుని మళ్లీ చూసేసరికి ఆమె వేళ్లు ఇంకా చాచే ఉన్నాయి.